ఆస్పత్రిలో మందులు, క్లినికల్ ఫార్మసిస్ట్: మన గోదావరి జిల్లాల వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

రాజోలు వాళ్ళు అడిగినా, పాలకొల్లు వాళ్ళు అడిగినా, ముమ్మిడివరం నుంచి కాకినాడ వచ్చి చేరినవాళ్ళు అడిగినా సందేహాలు మాత్రం ఇవే. వార్డులో మంచం పక్కన నిలబడి ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఒకచోట రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందని పోగుచేశాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీ పేషెంటు ఏ దశలో ఉంటే అక్కడికి నేరుగా వెళ్ళిపోండి. ఇది చదివి మీ అంతట మీరు మందులు ఆపడం, మార్చడం మాత్రం చేయకండి.

## అసలు వీళ్ళెవరు?

తెల్లకోటు వేసుకుని వచ్చి మందుల గురించే అడుగుతున్నారు. ఈయన డాక్టరా, కాంపౌండరా?

రెండూ కాదండీ. క్లినికల్ ఫార్మసిస్ట్ అంటే మందుల గురించే చదువుకుని, వార్డులో పేషెంటు దగ్గరే ఉండి పనిచేసే మనిషి. జబ్బు ఏంటో తేల్చేది డాక్టరు. ఆ జబ్బుకి రాసిన మందు ఈ మనిషికి, ఈ వయసుకి, ఈ కిడ్నీకి, ఇప్పటికే వాడుతున్న మిగతా మందులతో కలిపి సరిపోతుందా లేదా అని చూసేది ఈయన. వీళ్ళలో చాలామంది ఫార్మ్‌డీ చదివినవాళ్ళు. ఐదేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం 6 ఏళ్ళ కోర్సు. ఎంఫార్మసీలో ఫార్మసీ ప్రాక్టీస్ చేసినవాళ్ళు కూడా ఈ పనిలో ఉన్నారు.

కింద మందుల షాపులో ఉండే ఫార్మసిస్టు చేసేదీ ఇదే కదా?

షాపులో ఉండే ఫార్మసిస్టు చేతిలో చీటీ ఒక్కటే ఉంటుంది. వార్డులో ఉండే ఈయన చేతిలో మీ ఫైలు మొత్తం ఉంటుంది, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంత, పొటాషియం ఎంత, నిన్న రాత్రి బీపీ ఎంతకి పడింది, అన్నీ. ఇద్దరి పనీ అవసరమే, కాకపోతే చూడగలిగే దూరం వేరు.

డాక్టరుగారు రాసిన మందుని వీళ్ళు మార్చేస్తారా?

మార్చరు. మన దేశంలో మందు రాసే అధికారం ఫార్మసిస్టుకి లేదు. ఫైల్లో ఏదైనా తేడా కనిపిస్తే డాక్టరుకి ఫోన్ చేసో, రౌండ్స్‌లో పక్కన నిలబడో చెబుతారు, డాక్టరు ఒప్పుకుంటే ఆయనే మార్చి రాస్తారు. అందుకని "మా డాక్టరుగారి మీద అనుమానమా?" అని నొచ్చుకోకండి. ఒక్కో డాక్టరు పొద్దున్నే నలభై యాభై ఫైళ్ళు చూడాల్సి వచ్చే చోట, మందులు మాత్రమే చూసే ఇంకో జత కళ్ళు ఉండటం మీకూ మంచిదే, ఆయనకీ మంచిదే.

## ఆస్పత్రిలో చేరేటప్పుడు

పాత ఫైలు ఇచ్చేశాం కదా, ఇంట్లో వాడే మందులన్నీ మళ్ళీ ఎందుకు అడుగుతున్నారు?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, మనిషి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడు. మన దగ్గర దారి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ, తర్వాత అమలాపురంలోనో భీమవరంలోనో నర్సింగ్ హోమ్, అక్కడా తగ్గకపోతే కాకినాడ లేదా రాజమండ్రి. మూడు చోట్లా మూడు చీటీలు. ఒకే బీపీ మందు రెండు వేరే బ్రాండ్ పేర్లతో ఇంట్లో ఉంటుంది, పేషెంటు రెండూ వేసుకుంటూ ఉంటారు, ఏ ఫైల్లోనూ ఆ సంగతి ఉండదు. పొద్దున లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడ్డారని తీసుకొస్తారు, అసలు కారణం ఆ రెండో మాత్ర.

అందుకే ఫైలుతో పాటు ఇంట్లో మందుల కవరు కూడా అడుగుతాం. ఆ కవరు మంచం మీద కుమ్మరిస్తే ఏం బయటపడుతుందో ఒక్కసారి ఊహించుకోండి: పేరున్న వైపు చింపేసిన సగం షీట్లు, ఎప్పుడో మానేసిన థైరాయిడ్ సీసా, పక్కింటావిడ ఇచ్చిన మోకాళ్ళ నొప్పి మాత్రలు, రబ్బరు బ్యాండు వేసి కట్టిన రెండు రకాల గ్యాస్ మాత్రలు. వాటిలో ఏది నిజంగా వేసుకుంటున్నారు, రోజుకెన్నిసార్లు, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంటాం. కొడుకు చెప్పేదీ కోడలు చెప్పేదీ చాలాసార్లు కలవదు, మందులు చేతికిచ్చేది ఎవరో వాళ్ళనే పిలవండి. చేరేటప్పుడు ఒకసారి, ఐసీయూ నుంచి వార్డుకి మార్చినప్పుడు ఒకసారి, ఇంటికి పంపేటప్పుడు ఒకసారి ఇలా సరిచూడాలి. విసుక్కోకండి.

పసరు మందు తాగించాం, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ కూడా చేశాడు. చెబితే తిడతారేమో, దాచేయొచ్చా?

దయచేసి దాచకండి. కామెర్లకి పసరు, మోకాళ్ళకి పొట్లాల మందు, జ్వరానికి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్, ఇవన్నీ మన దగ్గర మామూలే, విని ఎవరూ ఆశ్చర్యపోరు. పేరు లేని నొప్పి మందుల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నెలల తరబడి అది వాడిన మనిషికి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాట ముందే తెలిస్తే డాక్టరు దానికి తగ్గట్టు చూసుకుంటారు. ఇంజెక్షన్ సీసాగానీ, పొట్లంగానీ మిగిలి ఉంటే పట్టుకు రండి. అందరి ముందూ చెప్పడం ఇబ్బందిగా ఉంటే ఫార్మసిస్టుని పక్కకి పిలిచి చెప్పండి.

"పెన్సిలిన్ పడదు" అని చెప్పాం. అది చాలదా?

చాలదండీ, ఎలా పడలేదో కూడా చెప్పాలి. మందు వేసుకుంటే కడుపులో తిప్పిందా, విరోచనాలు అయ్యాయా, లేక దద్దుర్లు వచ్చి పెదాలు వాచి ఊపిరి ఆడలేదా? కడుపులో తిప్పడం, విరోచనాలు ఇబ్బంది మాత్రమే, ఆ చివరిది అలర్జీ, దాంతో ప్రాణమే పోవచ్చు. ఇంకో చిక్కు ఏంటంటే మందు పేరులో పెన్సిలిన్ అని ఉండదు. ఆగ్‌మెంటిన్‌లో ఉండేది అమాక్సిసిలిన్, అది పెన్సిలిన్ కుటుంబమే. పిపరాసిలిన్ కూడా అంతే. ఫైలు అట్ట మీద ఎర్రగా రాయించుకోండి, కుదిరితే ఒక చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

## వార్డులో, ఐసీయూలో ఉన్నప్పుడు

రోజూ వచ్చి ఫైలు తిరగేస్తారు. అందులో ఏం వెతుకుతారు?

ముందు డోసు. క్రియాటినిన్ పెరిగిన మనిషికి చాలా యాంటీబయాటిక్స్ డోసు తగ్గించాలి, లేదా వ్యవధి పెంచాలి. తర్వాత ఒకదానితో ఒకటి పడని మందులు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడే మనిషికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది, ముక్కులోంచో మలంలోంచో రక్తం రావచ్చు. తర్వాత ఏ మందుని ఏ సెలైన్‌లో కలుపుతున్నారో చూస్తాం. ఫిట్స్‌కి వేసే ఫెనిటాయిన్‌ని గ్లూకోజు సెలైన్‌లో కలిపితే గడ్డకట్టి అడుగున దిగిపోతుంది, దాన్ని నార్మల్ సెలైన్‌లోనే ఇవ్వాలి. సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ ఎక్కుతున్న లైన్‌లోనే ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ పెట్టకూడదు, అందులో కాల్షియం ఉంటుంది, పురిటి పసికందుల్లో ఇది మరీ ప్రమాదం.

ఇక చేతిరాత. హైడ్రలజీన్ బీపీ మందు, హైడ్రాక్సిజీన్ దురద మందు. రాత గజిబిజిగా ఉన్నా, రాత్రి రెండింటికి ఫోన్లో చెప్పినా ఒకదానికి ఒకటి వినిపించడానికి ఎంతసేపు? అందుకే ఫోన్లో చెప్పిన మందుని నర్సమ్మ తిరిగి పేరు, డోసు చదివి వినిపించి అవునన్నాకే ఇవ్వాలి.

అమ్మకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొబ్బరిబొండం కూడా తాగించొద్దంటున్నారు. కోనసీమలో ఉండి ఇదేం మాటండీ?

మీ బాధ అర్థమైంది, జబ్బు మనిషి అనగానే చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ బొండాలే పట్టుకొస్తారు. కానీ బొండం నీళ్ళలో పొటాషియం చాలా ఉంటుంది. కిడ్నీ బాగున్న మనిషి ఎక్కువైన పొటాషియంని మూత్రంలో పంపేస్తారు, కిడ్నీ పాడైన మనిషిలో అది రక్తంలోనే పేరుకుంటుంది. దానికితోడు టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడుతుంటే పొటాషియం ఇంకా పెరుగుతుంది. హద్దు దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు, చాలాసార్లు ముందుగా నొప్పీ ఉండదు, హెచ్చరికా ఉండదు. అరటిపండు విషయంలో కూడా ఇదే జాగ్రత్త. రోజుకెన్ని నీళ్ళు తాగొచ్చు, ఏ పండు తినొచ్చు అనేది రిపోర్టు చూపించి అడిగి రాయించుకోండి.

ఇన్సులిన్ ఇంట్లో మేమే వేసుకుంటాం. ఇక్కడ సిరంజి గురించి ఇంత గొడవ ఎందుకు?

ఎందుకంటే ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో వస్తుంది. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో ఎక్కువగా వచ్చేది ఎంఎల్‌కి 100 యూనిట్లది, 100 సిరంజికి నారింజ రంగు మూత. పెన్ను పాడైందని దాని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగారనుకోండి, లోపలికి వెళ్ళేది 10 యూనిట్లు కాదు, 25. చెమటలు పట్టి, వణుకొచ్చి, తెల్లారేసరికి స్పృహ లేకుండా పడి ఉండటానికి అది చాలు. అటు 40 సీసాని 100 సిరంజితో తీస్తే 10కి బదులు 4 యూనిట్లే వెళ్తాయి, షుగర్ తగ్గదు, మందు పనిచేయడం లేదని డోసు పెంచుతారు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. పెన్ను కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో ఎప్పుడూ లాగకండి.

నాన్నగారికి ముక్కులో పైపు వేశారు. మాత్రలు నూరి పోసేస్తే సరిపోదా?

కొన్నిటికి సరిపోతుంది, కొన్నిటికి ప్రమాదం. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ అని ఉన్న మాత్రలు రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా తయారుచేసినవి. వాటిని నూరితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. పాంటాప్రజోల్ లాంటివి కడుపులో యాసిడ్‌కి పాడవకుండా పైన పూత వేసినవి, నూరితే ఆ పూత పోయి మందు పనికిరాదు. చాలావాటికి బదులుగా సిరప్పో, మామూలు మాత్రో, ఇంజెక్షనో ఉంటుంది, అడిగితే చెబుతారు. మందు పోసే ముందూ తర్వాతా నీళ్ళు పోయాలి, లేకపోతే పైపు మూసుకుపోతుంది.

ఐసీయూలో కొన్ని మందులకి ఇద్దరు చూస్తేగానీ ఇవ్వరు. ఎందుకంత ఆలస్యం?

ఆ ఆలస్యం ఉండాల్సిందే. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం క్లోరైడ్, మార్ఫిన్ లాంటివి తేడా జరిగితే సరిదిద్దుకోవడానికి టైమ్ ఇవ్వవు. పొటాషియం క్లోరైడ్‌ని సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే పద్ధతి ఉన్న ఆస్పత్రుల్లో ఆ ఆంప్యూళ్ళని (ఇంజెక్షన్ మందుండే చిన్న సీసాల్ని) మామూలు వార్డు ట్రేలో ఉంచరు.

పిల్లాడికి జ్వరం. డ్రాప్స్ అయినా సిరప్ అయినా పారాసిటమాలే కదా?

మందు ఒకటే, బలం వేరు. డ్రాప్స్‌లో సాధారణంగా ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125 లేదా 250. సిరప్ అనుకుని డ్రాప్స్ రెండున్నర ఎంఎల్ పోస్తే, 125 సిరప్‌తో పోలిస్తే 4 రెట్ల మందు వెళ్ళినట్టు. పిల్లలకి డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. అందుకే ప్రతిసారీ తూకం వేయమంటాం.

పెద్ద యాంటీబయాటిక్ మొదలుపెట్టి మూడో రోజుకి చిన్నదానికి మార్చేశారు. డబ్బుల కోసమా?

కల్చర్ రిపోర్టు వచ్చి ఉంటుంది. ఏ క్రిమో తెలిశాక దానికి సరిపోయే చిన్న మందుకి దిగడమే సరైన వైద్యం, చవక కూడా. బాగా తింటున్న మనిషికి ఇంజెక్షన్ ఆపి మాత్ర ఇవ్వడం కూడా అలాంటిదే. ఇంజెక్షన్ అయితేనే వైద్యం అనే నమ్మకం మన ఊళ్ళల్లో గట్టిగా ఉంది, అది పోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మందు ఎక్కించగానే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. ఎవరికి చెప్పాలి?

వెంటనే నర్సుకి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా పరుగెత్తండి, మొహమాటపడకండి. కుదుటపడ్డాక ఆ మందు పేరు ఫైల్లో రాయించండి. ఆ తర్వాతి పని క్లినికల్ ఫార్మసిస్టుది. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకి ఆ రిపోర్టు పంపుతారు, దాని కేంద్రం గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. ఇంటికెళ్ళాక ఏదైనా జరిగితే మీరే చెప్పొచ్చు, టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, ఆఫీసు వేళల్లో పనిచేస్తుంది. ఆ మందు వల్లే అని మీరు రుజువు చేయక్కర్లేదు, అనుమానం చాలు.

మందు తప్పు ఇచ్చేస్తే ఆస్పత్రి వాళ్ళు దాచేయరా?

దాచే చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ బాగా నడిచే చోట, ఇవ్వబోయి ఆఖరి నిమిషంలో ఆపిన తప్పుని కూడా రాసిపెడతారు. ఎవరిని తిట్టాలి అని కాకుండా ఎందుకు జరిగింది అని వెతుకుతారు. ఒకేలా ఉండే రెండు ఆంప్యూళ్ళు పక్కపక్కన ఉన్నాయా, రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉన్నారా? నర్సు ఉద్యోగం తీసేస్తే ఆంప్యూళ్ళు మాత్రం అక్కడే పక్కపక్కనే ఉంటాయి, రేపు ఇంకొకరి చేతిలో అదే జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించడం మీదే ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది, అందులో కూడా మనిషి కంటే పద్ధతిని సరిచేయడం మీదే దృష్టి. మీకు అనుమానం వస్తే "ఇప్పుడు ఏ మందు ఇస్తున్నారండీ, దేనికి?" అని అడగండి. అది మీ హక్కు.

## డిశ్చార్జి రోజు

చీటీలో ఏముందో మాకు అర్థం కాదు. అడిగితే విసుక్కుంటారని భయం.

బిల్లు కట్టి, ఆటో పిలిచి, సామాను సర్దుకునే హడావిడిలో మందుల సంగతి ఎవరికీ ఎక్కదు. ఒక్క పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పమని అడగండి. మూడు సంగతులు తేల్చుకోవాలి: పాత మందుల్లో ఏవి ఆపేయాలి, కొత్తవి ఎన్నాళ్ళు, ఏది తిన్నాక ఏది తినకముందు. ఆపేసిన మందుల మాట ఎవరూ చెప్పరు, మీరే అడగాలి.

మెథోట్రెక్సేట్ రాస్తే మరీ జాగ్రత్త. కీళ్ళవాతానికీ, సోరియాసిస్‌కీ దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోతుంది. వారంలో ఏ రోజో తెలుగులో రాయించుకోండి, "బుధవారం మాత్రమే" అన్నట్టు.

గుండె వాల్వు మార్చారు, రక్తం పలచబడే మందు ఇచ్చారు. గోంగూర, తోటకూర జన్మలో తినకూడదా?

తినొచ్చు. ఆకుకూరల్లో విటమిన్ కే ఉంటుంది, అది వార్ఫరిన్ లాంటి మందుకి ఎదురు పనిచేస్తుంది. చిక్కల్లా ఈ వారం అసలు తినకుండా వచ్చే వారం రోజూ తింటేనే. ఎప్పుడూ తినేంతే తింటూ ఉండండి, చెప్పిన తేదీకి ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం ఎంత పలచబడిందో చూసేది) చేయించండి. ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్ కొనుక్కోవద్దు.

జనరిక్ మందులు పనిచేస్తాయా?

పనిచేస్తాయి. పెట్టె మీద బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, బలం రెండూ కలవాలి, అంతే. ఫిట్స్ మందులు, థైరాయిడ్ మాత్రలు మాత్రం మాటిమాటికీ కంపెనీ మార్చకండి.

## ఇంటికి వెళ్ళాక

కార్తీకమాసం ఉపవాసాలు, మాలధారణ. షుగర్ మాత్రలు ఎలా?

ముందే అడగండి, ఉపవాసం రోజు పొద్దున కాదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవాళ్ళకి మందు వేళలు, డోసు మార్చి ఇవ్వొచ్చు, దీక్ష మానమని ఎవరూ అనరు. చెమట, వణుకు, కళ్ళు మసకలు వస్తే వెంటనే పంచదార నీళ్ళు తాగాలి, ఉపవాసం సంగతి తర్వాత.

వరద వచ్చి లంకలో (గోదావరి మధ్య దీవి ఊళ్ళో) కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడైనట్టేనా?

వాడుతున్న సీసా బయట నీడలో, మరీ వేడి లేని చోట ఉంటే నాలుగు వారాల దాకా పనికొస్తుంది. కుండలో నీళ్ళు పోసి, సీసాని నీళ్ళు చొరబడని డబ్బాలో పెట్టి అందులో ఉంచండి. ఐస్ ముక్కల మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. వరద నీళ్ళలో మునిగిన మాత్రలు షీటు బాగానే కనిపించినా వాడకండి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పెరుగుతోందని వినగానే రెండు వారాల మందులు, చీటీ ఫోటోతో సహా, ఒక కవర్లో కట్టి పైన పెట్టుకోవడం లంకల్లో ఉండే ప్రతి ఇంటికీ అలవాటు కావాలి.

## చిన్న ఆస్పత్రులకి, చదువుకునే పిల్లలకి

మాది 30 పడకల నర్సింగ్ హోమ్. క్లినికల్ ఫార్మసిస్టుని పెట్టుకునే స్తోమత లేదు. ఏం చేయగలం?

చాలా చేయొచ్చు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్ళని వార్డు ట్రేలోంచి తీసి విడిగా తాళం వేసిన చోట పెట్టండి. ఒకేలా కనిపించే మందుల్ని వేరు అరల్లో పెట్టండి. అలర్జీ రాయకుండా ఏ ఫైలూ మొదలుకాకూడదని పట్టుబట్టండి. రోజుకి రెండు గంటలు వచ్చి ఫైళ్ళు చూసి వెళ్ళేలా ఒక ఫార్మ్‌డీ చదివిన వాళ్ళతో మాట్లాడుకోండి, పక్క ఊళ్ళో ఇంకో ఆస్పత్రితో కలిసి జీతం పంచుకున్నా తప్పులేదు.

మా అమ్మాయి ఫార్మ్‌డీ చేస్తానంటోంది. ఉద్యోగాలు ఉన్నాయా?

మన దేశంలో ఈ కోర్సు 2008లో వచ్చింది. ఉద్యోగాలు ఉన్నాయి కానీ వార్డుల్లో తక్కువ. చాలామంది హైదరాబాద్ వెళ్ళి కంపెనీల్లో మందుల దుష్ఫలితాల రిపోర్టులు చూసే పనిలో చేరుతున్నారు, జీతం అక్కడే మెరుగు. వార్డులోనే ఉంటానంటే మొదట్లో జీతం తక్కువ, "నువ్వెవరు అడగడానికి?" అనే మాటలూ పడాలి. పడకలు ఎక్కువున్న ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీ చూసి చేర్పించండి. రోజూ పేషెంట్ల మధ్య నేర్చుకునే వీలు లేని చోట ఆరేళ్ళు చదివినా ఫైలు చదవడం రాదు.

మేం చేరబోయే ఆస్పత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది?

రిసెప్షన్‌లో అడగండి. తెలియదంటే వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడగండి, ఆవిడకి తప్పకుండా తెలుస్తుంది. లేరని చెబితే మీ మందుల జాబితా మీరే ఒక తెల్లకాగితం మీద రాసుకోండి: మందు పేరు, బలం, ఏ పూట, దేనికి, ఎప్పటి నుంచి. కింద అలర్జీలు. డ్యూటీ డాక్టరు మారినప్పుడల్లా అది చూపించండి.